ప్రతి గడీ

అన్యాయం జరిగింది ఎవరికి? సీసాల కర్మాగారంలో పదకొండేళ్ళు అచ్చుల గది తాళాలు మోసిన ఒక ఆడమనిషికి. ఎలా జరిగింది? రెండు మాటలతో జరిగింది. "అంతా చూశాను" అన్న ఆ రెండు మాటలూ పలికింది ఆమె చేతికింద పని నేర్చుకుంటున్న మరో ఆడమనిషి. ఆ మాటల మీదే విచారణ ముగిసింది. మర్నాడు ఉదయం గేటు దగ్గర, పని దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ నిలబడి వింటుండగా, 6189 నంబరు అచ్చును బయటివాళ్ళకు అమ్ముకున్నందుకు తాళాలమ్మను పనిలోంచి తీసివేస్తున్నామని కాగితం చదివారు. ఇది పందొమ్మిదేళ్ళ కిందటి సంగతి. ఆ రెండు మాటలు పలికిన మనిషే ఇప్పుడు ఆ గదికి పెద్ద. కర్మాగారంలో ఆమెను మూలమ్మ అంటారు.

ఆ పేరు వెనక వేళాకోళమే తప్ప ద్వేషం లేదు. గదిలో గోడ నుంచి గోడ దాకా ఒకే ఇనుప బీరువా ఉంది. దానికి పద్దెనిమిది వరసలు, వరసకు పదహారు గళ్ళు. గడికొక చెక్కపెట్టె, పెట్టెలో ఒక సీసా అచ్చు, పెట్టె ముందు నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ. ఎవరు ఏ అచ్చు కోసం చీటీ తెచ్చినా ఆమె నిచ్చెన జరుపుకుని తిన్నగా కుడిచేతి పై మూలకు ఎక్కుతుంది. అక్కడి నుంచే వెతకడం మొదలు. రేపు స్వర్గంలో చోటిచ్చినా ముందు కుడి మూల ఎటువైపో కనుక్కునే లోపలికి వెళ్తుందని కొలిమి దగ్గరివాళ్ళు నవ్వుకునేవారు. ఆమె కూడా నవ్వేది. అచ్చు మాత్రం వాళ్ళ నవ్వు ఆగేలోపే కిందికి దిగేది.

ఆ సోమవారం నుంచి ఆమెకు బీరువా ముందు కాక తెర ముందు కూర్చునే పని పడింది. గదులన్నీ కంప్యూటరులోకి ఎక్కుతున్నాయి. శనివారం పరీక్ష. గట్టెక్కినవాళ్ళు తమ గదుల్లోనే ఉంటారు, తప్పినవాళ్ళు ప్యాకింగుకు వెళ్తారు. ప్యాకింగంటే ఎనిమిది గంటలు నిలుచుని, కదిలే పట్టా మీంచి సీసాలను పెట్టెల్లోకి దించడం. మూలమ్మకు నలభై ఆరేళ్ళు. నిచ్చెన ఎక్కుతున్నప్పుడే మోకాళ్ళు గొణుగుతున్నాయి. పింఛనుకు ఇంకా పన్నెండేళ్ళు ఉంది.

క్యాంటీను వెనక గదిలో ఆరు కంప్యూటర్లు పెట్టారు. నేర్చుకునేవాళ్ళు ఏడుగురు. నేర్పే ఆవిడకు ముప్పై నిండలేదు. గొంతు బొంగురుపోయినా ఆపకుండా మాట్లాడే మనిషి. ఆడవాళ్ళను అక్కా అని, మగవాళ్ళను అన్నా అని పిలిచేది. మొదటి రోజు ఆమె చెప్పిన మొదటి సంగతి, యంత్రం ఒకటి నుంచి కాక సున్నా నుంచి లెక్కపెడుతుందని. మనకు మొదటి వరస దానికి సున్నా వరస, మన పదకొండు దానికి పది. అయితే నా మొదటి పెళ్ళాం సున్నా పెళ్ళామా మేడమ్ అని స్టోర్సు గుమాస్తా అడిగాడు. ఆ మాట ఇంటికెళ్ళి అడగమని ఆవిడ అంది. అందరూ నవ్వారు. మూలమ్మ మాత్రం 11, 10 అని నోటు పుస్తకంలో రాసుకుని కింద గీత గీసింది. అంకె రాస్తే కింద గీత గీయడం ఆమెకు అలవాటు. 6కూ 9కీ తేడా తెలియడానికి గీత ఉండాలని తాళాలమ్మ నేర్పింది. బీరువాలోని ఇత్తడి బిళ్ళలన్నిటి మీదా ఆ గీత ఉంటుంది.

మంగళవారం అసలు లెక్క ఇచ్చారు. గళ్ళలో అంకెలున్నాయి. ప్రతి అడ్డవరసలో ఎడమ నుంచి కుడికి పెరుగుతాయి, ప్రతి నిలువువరసలో పై నుంచి కిందికి పెరుగుతాయి. ఒక అంకె ఇస్తే అది గళ్ళలో ఉందో లేదో, ఉంటే ఎక్కడుందో యంత్రం చెప్పాలి. అందుకు ప్రోగ్రాము రాయండి అన్నారు. కొత్తవాళ్ళకు ఇచ్చే లెక్కే అది. మూలమ్మ బీరువాలో నంబర్లూ అలాగే పెరుగుతాయి. మొదటి వరస మొదటి గడి నుంచి చివరి వరస చివరి గడి దాకా ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవడం దారి అని మేడమ్ బోర్డు మీద రాసి చూపించింది. ఆరుగురూ అదే ఎక్కించుకున్నారు. ఒంటివేలితో అక్షరాలు వెతుక్కుంటున్న మూలమ్మ చేయి ఆగిపోయింది.

ఇంత తిరుగుడు ఎందుకని ఆమె అడిగింది. ఎవరో కిసుక్కుమన్నారు. మేడమ్ సుద్దముక్క చేతికిచ్చింది. మూలమ్మ లేచి, చీర చెంగు బిగించుకుని, బోర్డు మీద నాలుగు వరసలు నాలుగు గళ్ళు గీసింది. మొదటి వరసలో 4, 9, 15, 22. దాని కింద 7, 13, 20, 31. ఆ కింద 11, 18, 27, 40. అడుగున 16, 25, 33, 52. మనకు పద్దెనిమిది కావాలనుకోండి అంది. కుడి పై మూలలో ఇరవై రెండు ఉంది. మనది చిన్నది కాబట్టి ఆ నిలువువరస మొత్తం అక్కర్లేదు, ఎడమకు రావాలి. పదిహేను. మనది పెద్దది, ఆ అడ్డవరస అక్కర్లేదు, కిందికి దిగాలి. ఇరవై, ఎడమకు. పదమూడు, కిందికి. పద్దెనిమిది. ఆమె దాని చుట్టూ సున్నా చుట్టి, చేతికంటిన సుద్ద దులుపుకుంది. పదహారు గళ్ళలో అయిదే చూసింది.

మేడమ్ కళ్ళు మెరిశాయి. ఈ దారి పెద్ద చదువుల్లో గాని చెప్పరని, ఆమెకు ఎవరు నేర్పారని అడిగింది.

పేరు నాలుక చివరి దాకా వచ్చింది. మూలమ్మ దాన్ని మింగేసింది.

"మా గదిలో పద్ధతే అంత" అంది.

*

బుధవారం మధ్యాహ్నానికి ఆమె ప్రోగ్రాము నడిచింది. మేడమ్ పక్కన కూర్చుని తప్పుల్ని సరిచేయించిందే గాని తన చేత్తో ఒక్క అక్షరమూ కొట్టలేదు. ఉత్సాహం వచ్చి, ఉత్తుత్తి అంకెలెందుకు, మీ గదినే ఎక్కిద్దాం అంది. నెల కిందట బయటి సంస్థవాళ్ళు వచ్చి ప్రతి పెట్టెనూ బయటికి లాగి, దుమ్ము తుడిచి, బిళ్ళ మీది నంబరు రాసుకుని, ఎలా ఉన్న పెట్టెను అలాగే లోపలికి నెట్టి వెళ్ళారు. ఆ జాబితా కంప్యూటరులో ఉంది. రెండువందల ఎనభై ఎనిమిది గళ్ళు, రెండువందల ఎనభై ఎనిమిది నంబర్లు. ఒక్కొక్క నంబరునూ రెండు పద్ధతుల్లోనూ వెతికించి, జవాబులు కలుస్తున్నాయో లేదో చూద్దామంది మేడమ్.

మీట నొక్కగానే తెర మీద వరసలు జలజలా రాలాయి. అడుగున రెండు పంక్తులు నిలిచాయి. రెండువందల ఎనభై ఏడు కలిశాయి. ఒకటి కలవలేదు.

మేడమ్ ముఖం చిన్నదైంది. మూలమ్మ ప్రోగ్రాములో ఎక్కడో లోపం ఉండి ఉంటుందని ఓదార్పుగా అంది. ఒక నంబరు దగ్గర మూల పద్ధతి లేదంటోంది, ప్రతి గడీ చూసే పద్ధతి ఉందంటోంది.

"ఏ నంబరు?" అని అడిగింది మూలమ్మ.

మేడమ్ తెర కిందికి జరిపింది. 6189. ఉన్న చోటు 10, 3.

మూలమ్మ బల్ల అంచు పట్టుకుంది. ఆ వేళ్ళు తెల్లబడటం చూసి మేడమ్ మంచినీళ్ళు తెచ్చింది. ప్రతి గడీ అన్న మాట ఆమె చెవిలో వేరే గొంతుతో మోగుతోంది. విచారణ రోజు తాళాలమ్మ చేతికి తాళాలు లేవు. ముందురోజే తీసుకున్నారు. అచ్చు గదిలోనే ఉంటుందని, ఎక్కడో తప్పి ఉంటుందని, వరస చెడితే మూల పద్ధతి పనిచేయదని, ఒక్కొక్క పెట్టె తీయక తప్పదని ఆమె చెబుతూనే ఉంది. పాత మేనేజరు ఆ పని చేతికింది అమ్మాయికి అప్పజెప్పాడు. చేతికింది అమ్మాయి నిచ్చెన ఎక్కి, తనకు కొత్తగా పట్టుబడిన పద్ధతిలో, మూల నుంచి రెండుసార్లు వెతికింది. ఒక్కొక్క పెట్టె పన్నెండు కిలోల బరువు. పద్ధతి లేదంటే లేనట్టే కదా అనుకుంది. మర్నాడు బల్ల ముందు తాళాలమ్మ ఆమె కళ్ళలోకి చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "ప్రతి గడీ తెరిచి చూశావా, పిల్లా?"

అమ్మాయి జవాబు తాళాలమ్మకు చెప్పలేదు. మేనేజరు వైపు తిరిగి చెప్పింది.

నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, మూలమ్మ తన అరచేతిలో పెన్నుతో 10, 3 అని రాసుకుంది. కింద గీత గీసింది. ప్రోగ్రాములో లోపం రేపు వెతుకుదాం అక్కా, ఇప్పుడు ఇంటికి వెళ్ళండి అంది మేడమ్.

*

గురువారం ఉదయం ఆమె అందరికన్నా ముందు వచ్చి గది తలుపు లోపల గడియ వేసుకుంది. కిటికీలోంచి పడుతున్న వెలుగు బీరువా మధ్య వరసల మీద ఉంది. పై నుంచి లెక్కపెట్టి పదో వరస, ఎడమ నుంచి లెక్కపెట్టి మూడో గడి. పెట్టె లాగింది. 6588. గీత అంకెల కిందే ఉంది. పెట్టె తెరిచింది, అచ్చు మీద చెక్కిన నంబరూ 6588.

గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆమె నిచ్చెన మెట్టు మీద కూలబడి కాసేపు ఊపిరి పీల్చుకుంది. బయటివాళ్ళు తప్పు రాసుకున్నారు, అంతే. యంత్రానిదేముంది, పెట్టిందే చెబుతుంది. అచ్చు లేదు కాబట్టే అప్పుడు మూల పద్ధతి లేదంది. తాను పందొమ్మిదేళ్ళుగా తనకు చెప్పుకుంటున్నది కూడా అదే. పెట్టెను లోపలికి నెట్టింది. చేయి తుడుచుకోబోతే అరచేతిలో అంకెలు చెమటకు కరిగి కనిపించాయి.

మన పదకొండు దానికి పది.

ఆమె చాలాసేపు లేవలేదు. లేవకపోయినా అడిగేవాళ్ళు లేరు. మేడమ్ ప్రోగ్రాములో లోపమనే అనుకుంటోంది. ఒక చిన్న మార్పు చేసి ఆ నంబరును జాబితాలోంచి తీసేస్తే రెండు పద్ధతులూ కలిసిపోతాయి. శనివారం పరీక్ష, తర్వాత పన్నెండేళ్ళు. అంతా కళ్ళ ముందు పరిచినట్టే ఉంది. బయట పని మొదలైన కూత వినిపించింది. అప్పుడు లేచి ఒక మెట్టు దిగి, పదకొండో వరస నాలుగో గడి ముందు తల వంచింది.

బిళ్ళ మీద 6819 అని ఉంది.

6189 కాదు. ఇక్కడితో ఆగిపోవడానికి ఇంకో అవకాశం దొరికింది. కానీ కళ్ళకు గీత కనిపించలేదు. గీత ఉండాల్సిన చోట ఖాళీ ఇత్తడి ఉంది. పై అర అంచు నీడ బిళ్ళ తల మీద పడుతోంది. ఆమె రెండు చేతులతో పెట్టెను వెలుగులోకి లాగింది. గీత అంకెల పైన ఉంది.

పెట్టె తలకిందులుగా ఉంది. రెండు పక్కలా ఒకే రకం పిడులున్న పెట్టె ఎటు తిప్పినా ఒకలాగే కనిపిస్తుంది. ఆమె దాన్ని ఒళ్ళోకి తీసుకుని మెల్లగా తిప్పింది. 6819 తిరిగి 6189 అయింది. పెట్టెను వెలుగులోకి లాగిన బయటివాళ్ళు గీత చూసి ఇలాగే రాసుకున్నారు. మూత మరలు తుప్పు పట్టి కదలలేదు. స్క్రూడ్రైవరు మీద ఒంటి బరువంతా వేస్తే ఒక్కొక్కటీ కీచుమంటూ ఊడింది. లోపల నూనెగుడ్డ బెరడులా గట్టిపడింది. దాని మధ్య ఆరు పలకల మందు సీసా అచ్చు రెండు ముక్కలుగా, పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. తాళాలమ్మ దాన్ని ఎవరికీ అమ్మలేదు.

ఇక మిగిలింది ఒక్కటే. తలుపు వెనక అర మీంచి పాత పెట్టుడు పుస్తకాలు దించింది. ఏ పెట్టె ఏ రోజు ఏ గడిలో పెట్టారో, పెట్టినవాళ్ళెవరో వాటిలో రాస్తారు. ఆ ఏడాది పుస్తకంలో తాళాలమ్మ నాలుగు రోజులు సెలవులో ఉన్న వారం దొరికింది. 6819, పదకొండో వరస, నాలుగో గడి. పక్కన సంతకం. పొల్లులు వంకరగా, దీర్ఘాలు పొడుగ్గా, కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి శ్రద్ధగా చేసిన సంతకం. మూలమ్మ దాని మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం వెంటా నడిపింది. అది తన చేతిరాత.

*

శుక్రవారం మేనేజరు ఆమెను కూర్చోమన్నాడు. చెడ్డవాడు కాదు, పాత మేనేజరు పోయాక వచ్చినవాడు. ఆ పాత సంగతి అతనికి పుస్తకంలో ఒక పేజీ మాత్రమే. పెట్టెనూ పుస్తకాన్నీ చూసి, మంచిదే అమ్మా, పోయిన వస్తువు దొరికింది కదా అన్నాడు. జాబితాలో స్థానం సవరించబడింది అని ఒక ముక్క రాస్తే సరిపోతుందన్నాడు. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నవి తవ్వితే ఆమె మీదే విచారణ పెట్టాల్సి వస్తుందని, అది తనకు ఇష్టం లేదని చెప్పాడు. ఆమె పరీక్ష గురించి మేడమ్ గొప్పగా చెప్పిందని కూడా అన్నాడు.

గేటు దగ్గర చదివిన కాగితం సంగతి ఏమిటని మూలమ్మ అడిగింది.

"ఆవిడ ఉందో పోయిందో! ఇప్పుడు ఆ మాట ఎవరికి గుర్తుందమ్మా?"

"ఉన్నారు సార్" అంది ఆమె. "ఆవిడకు గుర్తుంది."

అతను పెన్ను మూత పెట్టాడు. ముద్ర వేసిన కాగితమేదీ తన ఆఫీసు నుంచి గేటుకు వెళ్ళదన్నాడు. ఆమె లేచి, పుస్తకం చంకలో పెట్టుకుని బయటికి వచ్చింది.

ఇంట్లో ఆమె భర్త కాళ్ళు కడుక్కుని, కొలిమి సెగకు ఎర్రబడ్డ కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నాడు. ఆమె మంచం అంచున కూర్చుని అంతా చెప్పింది. గుడ్డ తీయకుండానే విన్నాడు. ఆవిడ పని పోయిన తర్వాత కదా నువ్వు ఆ గదికి పెద్దవైంది అన్నాడు చివరికి. అందులో దెప్పు లేదు. ఉన్న మాట అన్నాడు. కాసేపాగి, తెలియక చేసిన దానికి ఇంత వయసులో వీధిన పడతామా అన్నాడు.

"పెట్టడం తెలియక పెట్టానండీ" అంది ఆమె. "అంతా చూశానని తెలిసే అన్నాను."

అతను గుడ్డ తీసి ఆమె ముఖం చూశాడు. మళ్ళీ కళ్ళ మీద వేసుకున్నాడు. రేపు గేటు దగ్గరికి తనను రమ్మంటావా అని అడిగాడు. మీ పని మీరు చేసుకోండి అంది ఆమె.

*

గేటు దగ్గర మైకు జవాను గదిలో ఉంటుంది. జవాను ముసలివాడు. ఆనాటి కాగితం చదివింది కూడా అతనే. శనివారం పొద్దున డ్యూటీలు మారే వేళకు మూలమ్మ పరీక్షకు పోకుండా తన దగ్గరికి రావడం చూసి చేతిలో ఉన్న టీ గ్లాసు కిటికీలో పెట్టాడు. ఆమె మడిచిన కాగితం ఇచ్చింది. అతను కళ్ళజోడు పెట్టుకుని, పెదవులు కదుపుతూ మొత్తం చదివి, తిరిగిచ్చేశాడు.

"ముద్ర లేని కాగితం నేను చదవకూడదు తల్లీ" అన్నాడు. "స్విచ్చి అదిగో, గోడకు. నేను టీ గ్లాసు కడిగి రావాలి."

ఆమె స్విచ్చి నొక్కింది. గరగరమన్న శబ్దానికి గేటులో ఉన్నవాళ్ళు తలలెత్తారు. పని దిగుతున్నవాళ్ళు ముఖాల మీద మసితో, ఎక్కుతున్నవాళ్ళు అన్నం గిన్నెలతో ఆగారు. వాళ్ళలో ఆమె భర్త ఉన్నాడు. రావద్దన్నా వచ్చాడు. ఆమె కాగితం విప్పి చదివింది.

"పందొమ్మిదేళ్ళ కిందట ఇక్కడ ఒక కాగితం చదివారు. 6189 అచ్చును తాళాలమ్మ అమ్ముకుందని అందులో ఉంది. అది అబద్ధం. అచ్చు గదిలోనే ఉంది. ఆ పెట్టెను తలకిందులుగా పెట్టింది నేను. ప్రతి గడీ తెరిచి చూడమంటే చూడకుండా, చూశానని చెప్పింది కూడా నేనే. ఆవిడ దొంగ కాదు."

చదవడం అయ్యాక కాగితం మడిచింది. స్విచ్చి తీసేసింది. ఒక నడివయసు మనిషి, తాళాలమ్మ వీధిలోనే ఉండేవాడు, నెత్తి మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కాసేపటికి కూత వేశారు. జనం కదిలారు.

తొమ్మిది కాకుండానే మేనేజరు గది నుంచి పిలుపు వచ్చింది. అక్కడిచ్చిన కాగితంలో విచారణ పూర్తయ్యే దాకా పనిలోంచి నిలిపివేశామని రాసి ఉంది. తాళాల గుత్తి బల్ల మీద పెట్టమన్నారు. ఆమె నడుము నుంచి గుత్తి విప్పి పెట్టింది. పందొమ్మిదేళ్ళుగా గుత్తి ఒరిసిన చోట చీర మీద తుప్పు మరక మిగిలింది. బయటికి వస్తుంటే క్యాంటీను గుమ్మంలో మేడమ్ నిలబడి ఉంది. పరీక్ష మొదలైంది, ఆమె మాత్రం లోపలికి వెళ్ళలేదు. మీ ప్రోగ్రాములో తప్పు లేదక్కా అంది బొంగురు గొంతుతో. మూలమ్మ తల ఊపింది. ఆ పద్ధతి తనది కాదని, నేర్పిన మనిషి పేరు తాళాలమ్మ అని, ఎక్కడైనా చెప్పాల్సి వస్తే ఆ పేరే చెప్పమని అంది. మేడమ్ రాసుకుంది.

*

తాళాలమ్మ తన తమ్ముడి ఇంట్లో, మెట్ల కింది గదిలో ఉంటుంది. దర్జీ దుకాణానికి చొక్కాల కాజాలు కుట్టడం ఆమె పని. ఆ ఇంట్లో ఆమె చేతికి ఏ తాళమూ ఇవ్వరు. తలుపు తీసిన మరదలు నడుముకు గుత్తి వేలాడుతోంది. లోపల బీరువా తెరిచి ఉన్నట్టు గుర్తొచ్చి, మూలమ్మను గుమ్మంలోనే ఉంచి, వెళ్ళి మూసి తాళం వేసి వచ్చింది. అది అలవాటుగా చేసిన పని. అలవాటు కావడమే చూడ్డానికి కష్టంగా ఉంది.

మెట్ల కింది గదిలో కిటికీ లేదు. తలుపులోంచి వచ్చే వెలుగుకు ఎదురుగా, చొక్కా ముక్కను కంటికి జానెడు దూరంలో పట్టుకుని తాళాలమ్మ కుడుతోంది. డెబ్భై ఏళ్ళ వేళ్ళు కణుపుల దగ్గర ఉబ్బి ఉన్నాయి. కుట్టు మాత్రం గీత గీసినట్టు పడుతోంది. వచ్చింది ఎవరో అడుగుల చప్పుడుతోనే తెలిసింది కాబోలు, తల ఎత్తలేదు.

మూలమ్మ నేల మీద కూర్చుంది. అచ్చు దొరికిందని చెప్పింది. ఎలా దొరికిందో, గేటు దగ్గర ఏం చదివిందో, ఏ వరసలో ఏ మాట వచ్చిందో మొత్తం చెప్పింది. సూది ఆగలేదు. మరదలు గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. ఆమె చేయి నడుము దగ్గర గుత్తిని చప్పుడు కాకుండా పట్టుకుంది.

"ఎన్నో గడి?" అని అడిగింది తాళాలమ్మ.

"పదకొండో వరస, నాలుగోది."

"ఎడమన ఏముంది?"

"6702."

"పైన?"

"6790, పెద్దమ్మా."

తాళాలమ్మ కళ్ళు మూసుకుంది. కుడి చేతి చూపుడు వేలు ఒళ్ళోని బట్ట మీద ఒక మూల నుంచి బయలుదేరి, ఎడమకు జరిగి, కిందికి దిగి, మళ్ళీ ఎడమకు జరిగి ఒకచోట ఆగింది. పందొమ్మిదేళ్ళుగా చూడని బీరువా ఆ వేలి కింద ఉంది.

"6819 అయితే చోటు అదే" అంది. "పెట్టడం సరిగ్గానే పెట్టావు. గీత చూడలేదు."

"చూడలేదు."

సూది మళ్ళీ కదిలింది. కాజా చివరి కుట్టుకు వచ్చింది. దారం లాగి పట్టుకుని తాళాలమ్మ మొదటిసారి తల ఎత్తింది. చూపు మందగించిన కళ్ళు మూలమ్మ ముఖం కోసం కొంచెం వెతికి నిలిచాయి.

"ఆ రోజు నిన్నొక మాట అడిగాను. నువ్వు మేనేజరుకు చెప్పావు. నాకు చెప్పలేదు."

మూలమ్మ వెన్ను నిటారు చేసి కూర్చుంది.

"ప్రతి గడీ తెరిచి చూశావా, పిల్లా?"

"లేదు పెద్దమ్మా" అంది మూలమ్మ. "ఇరవై ఆరు గళ్ళే చూశాను. ఒక్కటీ తెరవలేదు."

తాళాలమ్మ ఆ మాట చెవిలో పడ్డాక కూడా ఒక్క క్షణం వింటూనే ఉన్నట్టు ఉండిపోయింది. తర్వాత దారానికి ముడి వేసింది. పళ్ళతో తెంపింది.

"చెల్లింది" అంది.